వెనక్కి తిరిగినవాళ్లు

కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది:
గత ఐదేళ్లలో ఆ మలుపు దగ్గర
ప్రమాదాలు సున్నా.
కాబట్టి క్రాసింగ్ అక్కర్లేదు.

సున్నా నిజమే.
మోరీన్ ఆగ్డెన్ ఆ రోడ్డు దాటడం మానేసి మూడేళ్లయింది.
ఎదుటి వైపు మందుల షాపు పచ్చ దీపం
ఆమె కిటికీలోకి రోజూ కనిపిస్తుంది.
మందులకి మాత్రం టాక్సీలో చుట్టూ తిరిగి వెళ్తుంది,
నాలుగు పౌండ్ల ఎనభై.

బోల్టన్‌లో అక్టోబరు వాన
పడుతున్నట్టుండదు, గాలికి అంటుకుని ఉంటుంది.
చర్చి హాల్లో బిస్కెట్ల డబ్బా చుట్టూ ఏడుగురం.
ఏం లెక్కపెడదాం, అన్నాడు బారింగ్టన్,
ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాడు.
కార్లనా? వేగాన్నా?
దనూతా తల అడ్డంగా ఊపింది.
"దాటనివాళ్లని."

వాళ్లకి చెప్పలేకపోయాను గానీ
మమ్మల్ని లెక్కచేయలేదు అన్నా
మమ్మల్ని లెక్కపెట్టలేదు అన్నా
నా భాషలో తేడా ఒక చిన్న క్రియే.

మర్నాటి నుంచి గోడ పక్కన మడత కుర్చీ,
గళ్ల కాగితం, తాడుకి కట్టిన పెన్సిలు.
ఒక గడి దాటినవాళ్లకి.
ఒక గడి పరిగెత్తి దాటినవాళ్లకి.
ఒక గడి
అంచు దాకా వచ్చి, నిలబడి,
వెనక్కి తిరిగినవాళ్లకి.

మా నాన్న తెనాలి మార్కెట్లో ధాన్యం కొలిచేవాడు.
మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు.
లాభం, రెండు, మూడు...
నా మొదటి గీత
తోపుడు బండిలో కవలలతో ఒక పిల్లతల్లి.
ఆరు నిమిషాలు నిలబడింది.
ఇటు చూసింది, అటు చూసింది, బండి తిప్పుకుంది.
లాభం, అన్నాను పైకే.
నా మాట నాకే వినబడి సిగ్గేసింది.

తహ్మీద్‌కి పదిహేనేళ్లు, తొందరెక్కువ.
"ఇంకో నలభై గీతలు గీసేద్దాం, ఎవరికి తెలుస్తుంది?"
బారింగ్టన్ పెన్సిలు లాక్కున్నాడు.
కాకి లెక్కలొద్దురా, అన్నాను తెలుగులో.
మాట అర్థం కాలేదు వాడికి, గొంతు అర్థమైంది.
బుధవారం సంత. బండ్లు నత్తల్లా కదిలాయి,
ఒక్కరూ వెనక్కి తిరగలేదు.
ఆ సున్నా కూడా రాశాం.
దాని మీద వాన చుక్క పడి కాస్త ఉబ్బింది.

మూడు వారాలు. రెండు వందల పదమూడు మంది.
సగానికి సగం
చేతికర్రతోనో చంటిబిడ్డతోనో వచ్చినవాళ్లే.
మోరీన్ మాత్రం ఏ గడిలోనూ లేదు.
అంచు దాకా వస్తే కదా తిరిగి వెళ్లడానికి!
దనూతా కాగితం చివర ఇంకో గడి గీసింది,
పైన పేరేమీ పెట్టలేదు.
ఇల్లిల్లూ తలుపు కొట్టి అడిగాం.
అన్నిటికంటే ముందు నిండిన గడి అదే.

ఇంజనీరు వచ్చాడు పసుపు కోటులో.
మడత కుర్చీ చూపించాం.
ఇరవై నిమిషాలకని వచ్చి గంటంబావు కూర్చున్నాడు.
ఏమీ మాట్లాడలేదు.
కుక్కని పట్టుకొచ్చిన ముసలాయన వెనక్కి తిరుగుతుంటే మాత్రం
జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

సిగ్నలు రాలేదు. డబ్బు లేదట.
రోడ్డు నడిమధ్య ఒక దిమ్మె కట్టారు,
రెండు స్తంభాలు, నలుగురు ఒదిగి నిలబడేంత.
"సగం రోడ్డు గెలిచాం," అన్నాడు తహ్మీద్.
బారింగ్టన్ నవ్వలేదు.
కొత్త కాగితం మీద తేదీ వేశాడు.

నిన్న మోరీన్ వచ్చింది.
నీలం కోటు, పైదాకా గుండీలు.
దిమ్మె దాకా నడిచి ఆగింది.
రెండు వైపులా బండ్లు పోతుంటే
తన కిటికీ బయటి నుంచి ఎలా ఉంటుందో
అప్పుడే చూస్తున్నట్టు
చాలాసేపు వెనక్కి చూసింది.
అంతలో బస్సొచ్చి అడ్డం పడింది.
అది కదిలేసరికి దిమ్మె మీద ఎవరూ లేరు.

దాటిందో, తిరిగిందో.
చూడనిది రాయకూడదని
ఆ గడి ఖాళీగానే ఉంచాను.